ఈ నాణెం మింట్‌లో తప్పా, బయట తగిలిన దెబ్బా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో మా నాయిన కిరాణా కొట్టు గల్లా పెట్టె దగ్గరే నాకీ నాణేల పిచ్చి పట్టింది. రాత్రి చిల్లర లెక్కబెడుతుంటే వంకరగా, వింతగా కనిపించిన బిళ్ళల్ని పక్కకు తీసి అగ్గిపెట్టెలో దాచుకునేవాణ్ణి. ఇప్పుడు దేవరకొండ నుంచి, వనపర్తి నుంచి, మిర్యాలగూడ నుంచి రోజూ ఫోన్‌కు ఫోటోలు వస్తాయి, "అన్నా ఇది ఎర్రరేనా, ఎంతొస్తది" అని. పదిలో తొమ్మిదిసార్లు "కాదు తమ్మీ" అనే చెప్పాల్సి వస్తుంది. ప్రతిసారీ మొదటి నుంచి టైప్ చేయలేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

ఎర్రర్ నాణెం అంటే అసలేంటి?

మింట్‌లో, అంటే నాణేలు కొట్టే టంకశాలలో, తయారయ్యేటప్పుడు తప్పు జరిగి, తనిఖీలో దొరక్కుండా బయటికొచ్చిన నాణెం. అంతే. మింట్ గేటు దాటాక జరిగింది ఏదైనా, లారీ కింద పడినా, పిల్లలు రైలు పట్టాల మీద పెట్టినా, కంసాలి టాకా వేసినా, అది దెబ్బ. అందుకే చూడగానే "ఎంతొస్తది" అని కాదు, "ఇది ఎప్పుడు జరిగింది" అని అడగాలి. ముద్ర పడే క్షణంలోనా, అంతకుముందు బిళ్ళ మీదా, లేక ఆ తర్వాతా? మొదటి రెండూ అయితే ఎర్రర్, మూడోది అయితే చిల్లర.

అది తెలియాలంటే నాణెం ఎలా తయారవుతుందో తెలియాలా?

కొంచెం తెలియాలి, తప్పదు. లోహపు రేకు నుంచి మిషన్ గుండ్రటి బిళ్ళల్ని కత్తిరిస్తుంది. వాటిని కాల్చి మెత్తబరుస్తారు, అంచును కొద్దిగా పైకి లేపుతారు. తర్వాత ఆ ఖాళీ బిళ్ళ రెండు డైల (డిజైన్ చెక్కిన ఉక్కు అచ్చుల) మధ్యకు వస్తుంది, ఒకటి బొమ్మది, ఒకటి బొరుసుది. చుట్టూ కాలర్ అని ఒక ఉక్కు కడియం ఉంటుంది. టన్నుల బరువుతో ఒక్క దెబ్బ పడగానే లోహం నీళ్ళలాగా పారి డైలోని గుంతల్లోకి ఎక్కుతుంది, పక్కలకు పోకుండా కాలర్ ఆపుతుంది. మూడూ ఒకేసారి అవుతాయి: బొమ్మ, బొరుసు, అంచు.

ఈ "లోహం పారడం" అన్న మాట గుర్తుంచుకోండి. మింట్ తప్పులో లోహం పారిన తీరు సహజంగా ఉంటుంది. బయటి దెబ్బలో లోహం ఒకచోట నుంచి తోసుకుపోయి పక్కన గుట్టగా లేస్తుంది, లేదా గీకేసి పోయి ఉంటుంది.

నిజమైన ఎర్రర్లలో ఎక్కువగా దొరికేవి ఏవి?

డై పగుళ్ళు అందరికీ దొరుకుతాయి. డై వేల దెబ్బలు కొట్టి కొట్టి చిట్లుతుంది, ఆ చీలికలోకి లోహం ఎక్కి నాణెం మీద సన్నటి ఉబ్బెత్తు గీతలా వస్తుంది. గోరుతో తడిమితే పైకి తగులుతుంది. లోపలికి తగిలితే అది గీత, డై పగులు కాదు. ఈ ఒక్క తేడాతో నాకొచ్చే ఫోటోల్లో సగం తేలిపోతాయి. డై అంచు ముక్కే ఊడిపోతే అక్కడ అంచును అంటుకుని ఒక ముద్దలా ఉబ్బుతుంది, అది కొంచెం అరుదు.

జిడ్డు డై కూడా మామూలే. డై గుంతలో నూనె, రజను కలిసి పేరుకుంటే ఆ అక్షరం సరిగా పడదు, సంవత్సరంలో ఒక అంకె మాయమైపోతుంది. ఎవరో గీకి తీసేశారా, జిడ్డు వల్ల పోయిందా అంటే ఆ చోటిని భూతద్దంతో, లైటును పక్కగా పెట్టి చూడండి. జిడ్డు అయితే ఆ జాగా కూడా చుట్టుపక్కల లాగే మెరుస్తుంది, గీకితే ఆకురాయి గీతలు ఒకే దిక్కుకు కనిపిస్తాయి. జిడ్డు వాటికి పెద్ద ధర రాదు, నిరాశపడకండి.

ఆఫ్ సెంటర్ అంటే బిళ్ళ పక్కకు జరిగినప్పుడు ముద్ర పడటం. ఒకవైపు నెలవంకలా ఖాళీ లోహం, ఇంకోవైపు డిజైన్ కోసేసినట్టు. సంవత్సరం కనిపిస్తూ సగం దాకా జరిగింది దొరికితే పండగే.

క్లిప్ అంటే రేకును కత్తిరించేటప్పుడు ముందే పడిన చిల్లు మీదికి కత్తెర రావడం, బిళ్ళకు కొరికినట్టు నెలవంక వంపు వస్తుంది. బ్రోకేజ్ ఇంకా చిత్రం. ముందు కొట్టిన నాణెం డైకి అంటుకుని ఉండిపోతే, తర్వాతి బిళ్ళ మీద ఆ నాణెం ముఖమే అద్దంలో చూసినట్టు తిరగబడి, గుంతగా పడుతుంది. నాలుగు సింహాలు రెండువైపులా ఉంటాయి, ఒకవైపు ఉబ్బుగా, ఇంకోవైపు లోపలికి.

క్లిప్ అని అమ్ముతున్నారు, నిజమో కాదో ఎట్లా?

మా కొట్టు పక్క వెల్డింగ్ షాపు కుర్రాడు గ్రైండర్ మీద రెండు నిమిషాల్లో క్లిప్ తయారు చేయగలడు, చేసి నాకు చూపించాడు కూడా. కానీ ఒకటి మాత్రం అతను చేయలేడు. అసలు క్లిప్‌లో కొరికిన చోటికి సరిగ్గా ఎదురుగా, అవతలి అంచు బలహీనంగా, పల్చగా ఉంటుంది. అంచు లేపే మిషన్‌లో బిళ్ళ రెండు వైపుల నుంచీ నొక్కుకుంటుంది కదా, ఒకవైపు లోహం లేకపోతే ఎదుటివైపు ఒత్తిడి పడదు. తర్వాత కోసిన దాంట్లో ఎదుటి అంచు దిట్టంగానే ఉంటుంది. ఇంకోటి, క్లిప్ దగ్గరి అక్షరాలు చూడండి. అసలులో అవి వంపు వైపు కొంచెం సాగి, కరిగినట్టు పల్చబడతాయి. నకిలీలో కత్తితో కేకు కోసినట్టు తెగి ఉంటాయి.

ఎదుటి అంచు గుర్తు ప్రతి క్లిప్‌లోనూ స్పష్టంగా ఉండదు, చిన్న క్లిప్పుల్లో అసలే కనపడకపోవచ్చు. కాబట్టి అదొక్కటే చూసి తీర్పు ఇవ్వకండి.

నా దగ్గర ఉన్నదానికి ఒకవైపు ఇంకో నాణెం అచ్చు తిరగబడి పడింది. బ్రోకేజేనా?

ఇక్కడే నేను 3,000 పోగొట్టుకున్నా. హైదరాబాద్‌లో ఒక నాణేల ప్రదర్శనలో, టేబుల్ వెనక ఒకాయన తెల్లటి గ్లవ్స్ వేసుకుని చూపించేసరికి కళ్ళు తిరిగాయి. ఇంటికొచ్చి మా అమ్మ భూతద్దంతో చూస్తే కానీ తెలియలేదు, రెండు నాణేల్ని వైస్‌లో (వెల్డింగ్ షాపుల్లో ఇనుమును బిగించే పనిముట్టు) పెట్టి బిగించాడు.

వైస్ పనిలో తిరగబడిన అచ్చు కింద అసలు బొమ్మ అణగారి, చదునై ఇంకా లీలగా కనిపిస్తుంది. అసలు బ్రోకేజ్‌లో కింద వేరే బొమ్మ ఉండదు, ఎందుకంటే ఆ వైపు డై అసలు తగలనే లేదు. వైస్‌లో లోతు అంతటా సమంగా రాదు, ఉబ్బెత్తు భాగాలే నొక్కుకుంటాయి. తీసుకునే ముందు రెండో వైపు తప్పకుండా తిప్పి చూడండి. అటువైపు కూడా ఎత్తైన చోట్లు చప్పగా అరిగి మెరుస్తుంటే దండం పెట్టి వచ్చేయండి.

అక్షరాలు రెండు రెండుగా కనిపిస్తున్నాయి?

రెండు రకాలు. డై తయారీలోనే రెండుసార్లు ముద్ర పడితే అక్షరాలు రెండూ గుండ్రంగా, నిండుగా, మధ్యలో చీలికతో వస్తాయి, అది విలువైనది. ముద్ర పడ్డాక డై సడలి కొద్దిగా కదిలితే అక్షరం పక్కన మెట్టులాగా చదునైన నీడ వస్తుంది, అక్షరమే సన్నబడుతుంది. రెండోది లెక్కలేనంత దొరుకుతుంది, విలువ ముఖవిలువే. మీకొచ్చేది దాదాపు ఎప్పుడూ రెండోదే.

నాణెం తిప్పితే బొరుసు పక్కకు వాలి ఉంది.

మన రిపబ్లిక్ నాణేలను పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పితే రెండువైపులా నిటారుగా ఉండాలి. పది పదిహేను డిగ్రీల వాలు మామూలే, ఎవరూ పట్టించుకోరు. 90, 180 డిగ్రీలైతే దాచుకోండి. దీన్ని నకిలీ చేయడం కష్టం, రెండు నాణేలు సగానికి కోసి అతికించాలి. అనుమానముంటే అంచు చుట్టూ, లేదా అంచుకు లోపలి వంపులో సన్నటి అతుకు గీత ఉందేమో చూడండి, రాతి మీద వేసి శబ్దం వినండి. అతికించింది ఖంగున మోగదు, చచ్చుగా పడుతుంది. రెండువైపులా బొమ్మే ఉన్న నాణెం అని వచ్చేవి కూడా చాలావరకు ఇట్లా చేసినవే.

సంవత్సరం కింద ఏ గుర్తూ లేదు, ఎర్రరా?

కాదు. కోల్‌కతా మింట్ అసలు గుర్తే పెట్టదు. ముంబైది వజ్రం గుర్తు, నోయిడాది చుక్క, మన హైదరాబాద్‌ది నక్షత్రం. ఆ మింట్ ఇంతకుముందు సైఫాబాద్‌లో ఉండేది, ఇప్పుడు చర్లపల్లిలో ఉంది. మన దగ్గర చిల్లరలో నక్షత్రాలు ఎక్కువ కనపడటం సహజమే.

ఇంకా కొన్నిటి మీద వింత గుర్తులుంటాయి. 1985 రూపాయి మీద ఇంగ్లిష్ హెచ్ అక్షరం, 1999 నాటి 5 రూపాయల మీద ఎంఎండి. ఇవి విదేశాల్లో కొట్టించి తెప్పించుకున్నవి. మొదటిది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ మింట్‌ది, రెండోది మాస్కోది. సేకరణకు బాగుంటాయి, ఎర్రర్లు కావు.

రైలు పట్టాల మీద పెట్టి నొక్కినట్టు పెద్దగా, పల్చగా ఉంది. ఇది కాలర్ లేకుండా కొట్టిందా?

కాలర్ లేకుండా కొట్టినది కూడా మామూలు కంటే వెడల్పుగా వస్తుంది, నిజమే. కానీ దాంట్లో బొమ్మ మధ్యలో చెక్కుచెదరకుండా నిండుగా ఉంటుంది, చుట్టూ లోహం మాత్రం పరుచుకుంటుంది. రైలు కింద పడినదాంట్లో బొమ్మే సాగి, దోసెలా అయి, ఒకవైపుకు లాక్కుపోతుంది. మిర్యాలగూడ లైన్ పక్క ఊర్లలో పెరిగినవాళ్ళకు ఈ తేడా పుస్తకం లేకుండానే తెలుసు.

10 రూపాయల నాణెంలో మధ్య బిళ్ళ పక్కకు జరిగింది. లేదా మధ్య బిళ్ళే లేదు.

ఇది అడగని వారం లేదు. 10 రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు, సుమారు 7.7 గ్రాములు. కడియం, మధ్య బిళ్ళ రెండూ విడివిడిగా వచ్చి ముద్ర పడే అదే దెబ్బలో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కాబట్టి అసలు తప్పు అయితే, బిళ్ళ ఎంత పక్కకు ఉన్నా డిజైన్ మాత్రం ఆ జరిగిన బిళ్ళ మీదుగా, కడియం మీదుగా తెగకుండా పోతుంది, లోహం అంచు దాటి కడియం మీదికి పారి ఉంటుంది.

బయట చేసిందైతే బిళ్ళను సుత్తితో కొట్టి ఊడగొట్టి తిప్పి పెట్టి ఉంటారు. డిజైన్ అక్కడ తెగిపోతుంది, బిళ్ళ వదులుగా కదులుతుంది లేదా ఫెవిక్విక్ మరక కనిపిస్తుంది. మధ్యలో చిల్లుతో ఉన్న కడియం మాత్రమే తెచ్చి చూపిస్తే, లోపలి అంచు చూడండి. బిళ్ళ పట్టుకున్న గాడి గుర్తు ఉంటే, అది పూర్తయిన నాణెమే, తర్వాత ఊడగొట్టారు.

ఇంకో మాట. గీతలు పది ఉన్నవి, పదిహేను ఉన్నవి, రూపాయి గుర్తు లేనివి "దొంగవి" అని మన దగ్గర సంతల్లో, ఆటోల్లో తీసుకోరు. అప్పటికి వచ్చిన 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పింది. అయినా మా కొట్టుకు వచ్చేవాళ్ళు ఇప్పటికీ "ఇంకోటియ్యి అన్నా" అంటారు.

రాగి రంగులో 5 రూపాయలు దొరికింది. వేరే లోహం మీద కొట్టారా?

బహుశా కాదు. పసుపు రంగు 5 రూపాయల నాణెం నికెల్ ఇత్తడిది, అందులో జింకు ఉంది. మట్టిలో, పుల్లటి ద్రవంలో ఎక్కువ రోజులుంటే జింకు కొట్టుకుపోయి ఎర్రబడుతుంది. నోములప్పుడు పసుపు కుంకుమల్లో నానినవి, బీచుపల్లి దగ్గర కృష్ణలో వేసినవి ఇట్లాగే అయిపోతాయి.

వేరే లోహం మీద కొట్టింది అని చెప్పాలంటే రంగు చాలదు, తూకం కావాలి. ఉదాహరణకు 2011 రకం 5 రూపాయల ముద్ర పొరపాటున అదే రకం రూపాయి బిళ్ళ మీద పడితే అది సుమారు 3.8 గ్రాములే తూగాలి, 5 రూపాయల 6 గ్రాములు తూగకూడదు. రూపాయిది స్టీలు కాబట్టి అయస్కాంతానికి అంటాలి. రూపాయి బిళ్ళ 22 మిల్లీమీటర్లు, 5 రూపాయలది 23, కాబట్టి అంచు పక్కన డిజైన్ కొంచెం తెగిపోవాలి. ఇవన్నీ కలిసి వస్తేనే. పైపూతగా రాగి, బంగారు నీళ్ళు పట్టించినది అయితే బరువు మామూలు 6 గ్రాములకు దగ్గరగానే ఉంటుంది.

పాత మందపాటి 5 రూపాయలు 9 గ్రాములు, ఆ తర్వాత వచ్చిన 2011 రకం పసుపుది 6. ఇది తెలియక "బరువు తేడా ఎర్రర్" అని నాకు ఒకాయన మహబూబ్‌నగర్ నుంచి బస్సెక్కి వచ్చాడు. చాయ్ తాగించి పంపా.

ఇంట్లో ఏమేం సామాన్లు ఉండాలి?

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ త్రాసు, వెడల్పు, మందం కొలిచే వెర్నియర్, అయస్కాంతం. అన్నీ కలిపినా మంచి చీర ధర కూడా కాదు. అన్నిటికంటే ముఖ్యమైనది అదే సంవత్సరపు, అదే మింట్ మామూలు నాణెం, పక్కన పెట్టి పోల్చడానికి. అది ముఖవిలువకే దొరుకుతుంది, కానీ అందరూ మర్చిపోయేది దాన్నే.

దొంగ నాణేలు ఎట్లా గుర్తుపట్టాలి?

పోతపోసినవి సులువు. ఉపరితలం మీద సూదిమొనంత గుంతలు, అక్షరాల మూలలు సబ్బు అరిగినట్టు మెత్తగా, అంచు చుట్టూ అచ్చు కలిసిన గీత, బరువులో తేడా. డై కొట్టి చేసినవి కష్టం, అక్కడ అంచు చూడాలి. గీతల లెక్క, లోతు, అంతటా సమంగా ఉన్నాయా. దొంగనాణేలు చేసేవాడు బొమ్మ మీద పెట్టిన శ్రద్ధ అంచు మీద పెట్టడు.

బ్రిటిష్ వెండి రూపాయల్లో ఎక్కువ మోసం 1939 మీద. జార్జ్ 6 బొమ్మ ఉన్న ఆ రూపాయి చాలా అరుదు, అందుకే 1938లో 8ని గీకి 9 చేస్తారు, లేదా పూర్తిగా కొత్తగా పోతపోస్తారు. 9 అంకె తోక చుట్టూ లోహం తవ్విన గుర్తు చూడండి. బరువు 11.66 గ్రాములకు దగ్గరగా ఉండాలి, 1939 దాకా వెండి 91.7 శాతం, 1940 నుంచి సగమే. 1911 నాటి జార్జ్ 5 రూపాయిలో మహారాజు వస్త్రం మీద ఏనుగు పందిలా కనిపిస్తుందని గొడవైంది, వెనక్కి తీసుకున్నారు. అది మింట్ తప్పు కాదు, డిజైన్ తప్పు. కథ బాగుంటుంది కాబట్టి దానికి కూడా నకిలీలు వస్తాయి.

రాముడు, సీత, హనుమంతుడు ఉండి వెనక ఈస్టిండియా కంపెనీ, 1616, 1717, 1818 అని రాసినవి నాణేలే కావు. ఎవరో ఎప్పుడో గుడి టోకెన్లలాగా చేసినవి. తాతగారి పెట్టెలో దొరికినా సరే.

మా తండాలో అవ్వ దగ్గర చిల్లులు, కొక్కేలున్న రూపాయలున్నాయి.

దేవరకొండ తండాల్లో లంబాడా అవ్వల నగల్లో పాత వెండి రూపాయలు నేను చాలా చూశా. చిల్లు పొడిచినవి, టాకా వేసినవి. నాణెంగా అది దెబ్బ, ధర తగ్గిపోతుంది. నగగా దాని విలువ వేరే, దాన్ని ఊడగొట్టి అమ్మకండి. కొక్కెం తీసేసి అరగదీసి "మచ్చ లేనిది" అని అమ్మేవాళ్ళున్నారు, 12 గంటల చోట అంచు మీద టాకా గుర్తు, మెరుపు తేడా చూస్తే దొరికిపోతారు.

1943 నుంచి 1947 దాకా వచ్చిన మధ్యలో చిల్లున్న పైసా మాత్రం తయారీలోనే చిల్లుతో వచ్చింది. అదే చిల్లు కాణీ.

గద్వాల, వనపర్తి సంస్థానాల పాత నాణేల్లో అక్షరాలు సగమే పడ్డాయి. ఆఫ్ సెంటరేనా?

కాదు. గద్వాల, వనపర్తి, నారాయణపేట వైపు ఆ పాత నాణేలు చేతి సుత్తితో కొట్టినవి. డై పెద్దది, బిళ్ళ చిన్నది, కాబట్టి ఏ నాణెం మీదా పూర్తి రాత పడదు. అక్కడ సగం అక్షరాలే మామూలు. అంతా చక్కగా, గుండ్రంగా, మధ్యలో కూర్చుంటేనే అనుమానించాలి. 

అన్నట్టు పొలం దున్నుతుంటే ఇట్లాంటివి కుండలో దొరికితే అమ్ముకోవడానికి లేదు, తహసీల్దార్‌కు, కలెక్టర్‌కు తెలపాలి. పాత సామాన్ల వాడికి అమ్మి కేసుల్లో ఇరుక్కోవద్దు.

మురికిగా ఉంది, చింతపండుతో తోమి ఫోటో పంపనా?

తోమొద్దు. చింతపండు, బూడిద, పీతాంబరి, ఏదీ వద్దు. తోమితే లోహం మీద వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి, పారిన లోహపు మెరుపు పోతుంది, మనం వెతికే సాక్ష్యం కూడా దాంతోనే పోతుంది. మామూలు నీళ్ళలో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది వదిలేయండి. ఫోటో తీసేటప్పుడు రెండువైపులా, అంచు కూడా, కిటికీ వెలుతురులో తీయండి. పక్కన త్రాసు మీద బరువు కనిపించేలా ఇంకోటి. గుప్పిట్లో పెట్టి ఫ్లాష్ కొట్టి పంపితే నేను దేవుణ్ణి కాదు చెప్పడానికి.

వైష్ణోదేవి 5 రూపాయలకు లక్షలిస్తామని ఫోన్ వచ్చింది.

ఫోన్ పెట్టేయండి. వైష్ణోదేవి నాణెం లెక్కకు మిక్కిలి వచ్చింది, ఎర్రర్ కూడా కాదు. ఆ ఫోన్లలో ముందు రిజిస్ట్రేషన్ అని 500, తర్వాత జీఎస్టీ అని 5,000, తర్వాత రిజర్వు బ్యాంకు సర్టిఫికెట్ అని ఇంకొంత అడుగుతారు. ఇట్లా కమీషన్లు, పన్నులు వసూలు చేయడానికి తాము ఎవరికీ అనుమతి ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021లో ప్రకటన ఇచ్చింది. నిజంగా కొనేవాడు మీకు డబ్బిస్తాడు, మిమ్మల్ని అడగడు.

రైస్ పుల్లింగ్ నాణెం?

బియ్యాన్ని లాగే రాగి నాణెం ఈ భూమ్మీద లేదు. గింజలకు ముందే ఇనుప రజను పట్టించి, లోపల అయస్కాంతం పెట్టి చూపిస్తారు. మీ ఇంట్లో బియ్యంతో చేసి చూపించమనండి, లేచి వెళ్ళిపోతాడు.

సరదాకు నేనే ఒక ఎర్రర్ తయారు చేసి అమ్మితే?

నాణేల చట్టం 2011 ప్రకారం నాణేల్ని కరిగించడం, నాశనం చేయడం నేరం, ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. ఇక చేసింది మింట్ తప్పు అని అమ్మితే మోసం కేసు కూడా.

నిజంగా ఎర్రరే అని తేలింది. ఇప్పుడేం చేయాలి, ఎంతొస్తది?

డై పగుళ్ళు, చిన్న వాలు, జిడ్డు అక్షరాలు, ఇవి నేను యాభై, వంద మధ్యలోనే ఇచ్చిపుచ్చుకున్నా, చాలామంది ఊరికే కూడా ఇచ్చేస్తారు. పెద్ద ఆఫ్ సెంటర్, నిండు బ్రోకేజ్, వేరే బిళ్ళ మీద ముద్ర, వీటి ధర వేరు. వాటికి ఒకే రేటు చెప్పలేం, కొనేవాడి దగ్గర ఆ రకం ఉందా లేదా మీద ఉంటుంది. హైదరాబాద్‌లో ప్రదర్శనలు పెట్టినప్పుడు కనీసం ముగ్గురికి చూపించండి, మొదటివాడికే ఇచ్చేయకండి. "ఇవ్వాళ్ళే, ఇప్పుడే" అని తొందరపెట్టేవాడికి అసలే వద్దు.

అప్పటిదాకా పీవీసీ (మెత్తటి ప్లాస్టిక్) కవర్లలో పెట్టొద్దు, పచ్చగా జిగురు పడుతుంది. నాణేలు పెట్టుకునే అట్ట ఫ్లిప్పులు దొరక్కపోతే మా నాయిన గల్లా పెట్టెలో పెట్టినట్టు కాగితంలో చుట్టి, మీద తేదీ, ఎక్కడ దొరికిందో రాసి పెట్టండి. నా మొదటి డై పగులు రూపాయి ఇప్పటికీ అదే కాగితంలో ఉంది, మీద నాయిన చేతిరాతతో "చిన్నోడిది, వాడొద్దు" అని.